‘బెగ్ ది క్వశ్చన్’ — అర్థప్రయోగ విచారము

ఆంగ్లమున ‘బెగ్ ది క్వశ్చన్’ అను పలుకుబడి తర్కశాస్త్రమునుండి లోకవ్యవహారమునకు దిగినది. పదములకు నిఘంటువున దొరకు మొదటి అర్థములను జోడించి దీనిని ‘ప్రశ్నను యాచించుట’ అని తెలిగించినచో అర్థము శూన్యమగును. కావున దీని పుట్టువును ముందెఱుగవలెను.

ప్రాచీన గ్రీసున శాస్త్రవాదము ఇరువురి నడుమ సాగెడిది. ఒకడు పృచ్ఛకుడు, వేఱొకడు ఉత్తరవాది. పృచ్ఛకుడు ఒక్కొక్క యంశమును ఎదుటివానిచే ఒప్పించుకొనుచు, ఆ ఒప్పుకోళ్లనుండియే తన నిర్ణయమును సాధింపవలెను. అట్లుగాక, సాధింపవలసిన విషయమునే ముందుగా ఒప్పుకొమ్మనుట దోషమని అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) ‘ప్రయర్ అనలిటిక్స్’ గ్రంథమున వివరించెను. లాటినున దీనికి ‘పెటీషియో ప్రిన్సిపియై’ అను పేరు కలిగినది. 16వ శతాబ్దిలో ఆంగ్లేయులు దానిని ‘బెగ్ ది క్వశ్చన్’ అనిరి. ఇందు ‘క్వశ్చన్’ అనగా వివాదాంశము. ‘బెగ్’ అనగా ఋజువు చేయక ఊరక ఇమ్మని కోరుట. “ఈ గ్రంథము ప్రామాణికము, ఏలయన, ఇందలి మాటలన్నియు నమ్మదగినవి” అనుట దీనికి ఉదాహరణము. హేతువువలె కనబడునది ప్రతిజ్ఞకే మాఱువేషము.

నేటి ఆంగ్లమున, ముఖ్యముగా పత్రికలలో, ఇది ‘ఒక ప్రశ్నకు తావిచ్చు’ అను అర్థమున విరివిగా వాడబడుచున్నది. ‘సూటిగా బదులీయక తప్పించుకొను’ అను అర్థమును కలదు. శుద్ధవాదులు ఆక్షేపించినను నిఘంటువులు వీనిని చేర్చుకొనినవి. పలుకుబడి వెంట ‘ఎందుకు’, ‘ఎట్లు’ అను ప్రశ్న వచ్చినచో నూతనార్థమనియు, ఒక వాదమును దూషించుటతో వాక్యము ముగిసినచో ప్రాచీనార్థమనియు అనువాదకుడు గ్రహింపవచ్చును.

దీనిని మన న్యాయశాస్త్రమందలి ‘సాధ్యసమ’ హేత్వాభాసముతో సమానముగా చెప్పుట కలదు. అది సరిపడదు. “నీడ ద్రవ్యము, చలించుచున్నది గనుక” అనునది వాత్స్యాయనుని ఉదాహరణము. ఇచ్చట హేతువు సాధ్యముతో అభిన్నము కాదు. సాధ్యమువలెనే అదియు ఇంకను సిద్ధింపలేదు. ఆంగ్లపు మాటకు దగ్గఱివి వేఱు: తనపై తానే ఆధారపడినది ఆత్మాశ్రయము, రెండు ఒండొంటిపై ఆధారపడినవి అన్యోన్యాశ్రయము, మూడవది నడుమ చేరినచో చక్రకము.

ఈ విచారము పదచర్చతో ముగియునది కాదు. కాలము తెలియని ఒక కావ్యమున అపూర్వమైన వ్యాకరణరూప మొకటి కనబడినదనుకొందము. ఆ రూపము ప్రాచీనమగుటచే కవి ప్రాచీనుడందుము. రూపము ప్రాచీనమనుటకు మరల ఆ కావ్యమునే సాక్ష్యముగా చూపుదుము. రెండు మాటలు ఒకే పుటలో నున్న దోషము తేటపడును. రెండు ప్రకరణములలోనో, పరస్పరము ఉదాహరించుకొను ఇరువురి గ్రంథములలోనో నున్న అది సిద్ధాంతముగా చెలామణి యగును. కాలము నిర్ధారితమైన శాసనమున ఆ రూపము దొరకినపుడే చక్రము తెగును. అంతవఱకు దానిని ఊహ యనియే వ్రాయుట పరిశోధకునకు ధర్మము.