సంజె చుక్క పేరు పెట్టుకున్న ఇంజను

1960 మార్చి 18న ఇంగ్లండులోని స్విండన్ రైల్వే కార్ఖానాలో ఒక చిన్న వేడుక జరిగింది. ఆకుపచ్చ రంగు వేసి, పొగగొట్టానికి రాగి అంచు తొడిగిన ఒక కొత్త ఇంజనుకు ఆ రోజు పేరు పెట్టారు. దాని నెంబరు 92220. పేరు ‘ఈవినింగ్ స్టార్’, అంటే సంజె చుక్క. ఉద్యోగుల పత్రికలో పోటీ పెట్టి మరీ ఆ పేరు ఎన్నుకున్నారు. అది బ్రిటిష్ రైల్వే తన కోసం కట్టుకున్న చివరి ఆవిరి ఇంజను. విచిత్రమేమిటంటే అది దర్జాగా ఎక్స్‌ప్రెస్సులు లాగే జాతి కాదు, గూడ్సు బండ్లు లాగే జాతి. దాని తోబుట్టువులన్నీ నల్లరంగువే. వాటికి పేర్లు కూడా పెట్టలేదు.

ఆవిరి ఇంజనును సరిగా చూసుకుంటే ముప్ఫై నలభై ఏళ్లు పనిచేస్తుంది. ఈవినింగ్ స్టార్ మాత్రం ఐదేళ్లకే, 1965 మార్చిలో, పని నుంచి తప్పుకుంది. దాని తరగతిలో మొత్తం 251 ఇంజన్లున్నాయి. 1968 జూన్ దాటేసరికి వాటిలో ఒక్కటి కూడా బ్రిటిష్ రైల్వే పనిలో లేదు. అంత పనికిమాలిన ఇంజన్లా అవి? కాదు. బ్రిటన్‌లో తయారైన గూడ్సు ఇంజన్లలో ఇవే అన్నిటికన్నా మేలైనవని చాలామంది అంటారు. మరి ఎందుకలా జరిగింది? ముందు ఆ ఇంజను సంగతి తెలుసుకుందాం.

దాని తరగతి పేరు ‘9ఎఫ్’. 9 అనేది బలానికి గుర్తు, ఎఫ్ అనేది సరుకు రవాణాకు గుర్తు. ముందువైపు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక పిస్టన్లు తిప్పే పది పెద్ద చక్రాలు ఉంటాయి.

పది ఎందుకు? బురదలో బండి లాగే ఎద్దును చూసే ఉంటారు. దానికి బలం ఉన్నా గిట్ట జారితే బండి కదలదు. రైలింజను సంగతీ అంతే. బరువైన బండిని కదిలించేటప్పుడు ఇంజను చక్రాలు ఒక్కోసారి ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అది బలం చాలక కాదు, పట్టాల మీద పట్టు చాలక. పట్టు పెరగాలంటే చక్రాల మీద బరువు పెరగాలి. కాని ఒక్కొక్క ఇరుసు మీద మరీ బరువు పెడితే పట్టాలూ వంతెనలూ తట్టుకోలేవు. అందుకని ఇరుసుల సంఖ్య పెంచారు. 9ఎఫ్‌లో ఒక్కొక్క చోదక ఇరుసు మీద పడే బరువు సుమారు పదిహేనున్నర టన్నులు. ఐదు ఇరుసుల మీద 77.5 టన్నులు. పట్టా పొడిగా ఉంటే చక్రం తన మీది బరువులో రమారమి నాలుగో వంతు బలం దాకా జారకుండా నిలుస్తుంది. అంటే సుమారు 19 టన్నులు. ఈ ఇంజను సిలిండర్లు ఇవ్వగల లాగుడు బలం లెక్క ప్రకారం 17.7 టన్నులు. ఎంత దగ్గరగా కుదిరిందో చూడండి! ఇంకా పెద్ద సిలిండర్లు పెట్టినా చక్రాలు జారడమే తప్ప లాభం ఉండేది కాదు.

పది చక్రాలతో ఒక చిక్కు ఉంది. మొదటి చోదక ఇరుసు నుంచి చివరి దానికి దూరం ఆరున్నర మీటర్లకు పైనే. ఇది వంపు ఎలా తిరుగుతుంది? ఒక పెద్ద పళ్లెం తీసుకొని దాని లోపలి అంచుకు పొట్టి స్కేలు ఆనించి చూడండి. రెండు కొసలు అంచుకు తగులుతాయి, మధ్యభాగం ఎడంగా ఉండిపోతుంది. వంపులో ఇంజను చక్రాల వరుస కూడా ఇలాగే నిలుస్తుంది. రైలు చక్రాన్ని పట్టా దాటిపోకుండా ఆపేది దాని లోపలివైపు ఉండే అంచు. మధ్య చక్రాలకు కూడా ఆ అంచు ఉంటే అది పట్టాను ఒరుసుకుంటుంది. అందుకని నడిమి జత చక్రాలకు అసలు అంచే లేకుండా చేశారు! అవి పట్టా మీద కొంచెం అటూ ఇటూ జరుగుతూ పోతాయి. ముందూ వెనకా ఉన్న చక్రాలే దారి చూపుతాయి.

ఈ తరగతికి రూపకల్పన చేయించినవాడు రాబర్ట్ రిడిల్స్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం చవకగా, త్వరగా తయారయ్యే గూడ్సు ఇంజన్లను రూపొందించి, పది చోదక చక్రాల ఇంజనును అప్పుడే పరీక్షించి చూశాడు. 1948లో బ్రిటిష్ రైల్వేలు జాతీయమయ్యాక ఇంజన్ల బాధ్యత అతనికి వచ్చింది. అతని వాదన సూటిగా ఉండేది. దేశంలో బొగ్గు ఉంది, డీజిలుకు కావలసిన నూనె బయటినుంచి కొనాలి. కాబట్టి రైలుమార్గాలకు విద్యుత్తు వచ్చేదాకా ఆవిరితోనే నడుపుదాం అన్నాడు.

మొదటి 9ఎఫ్ 1954 జనవరిలో క్రూ కార్ఖానా నుంచి బయటికొచ్చింది. టైన్ డాక్ రేవు నుంచి కాన్సెట్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం చేరవేసే బండ్లకు వీటిని పెట్టారు. ఆ దారిలో కొన్నిచోట్ల 35 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకెక్కాలి. ముందొక ఇంజను లాగితే, వెనకొకటి నెట్టేది. పెట్టెల తలుపులు తెరవడానికి కావలసిన గాలిపంపులు కూడా ఇంజను పక్కనే అమర్చారు. ప్రయాణికుల బండికి కట్టినప్పుడు కూడా ఇది తీసిపోలేదు. 1958లో ఒకసారి గంటకు 145 కిలోమీటర్ల వేగం నమోదైంది. చక్రం వ్యాసం ఐదడుగులే కదా, లెక్క కట్టి చూడండి: సెకనుకు ఎనిమిది చుట్లకు పైనే! అధికారులకు సంతోషానికి బదులు భయం కలిగిందంటే ఆశ్చర్యం లేదు.

అన్ని ప్రయోగాలూ ఫలించలేదు. 1955లో పది ఇంజన్లకు ఇటలీ పద్ధతిలో, పొగలోని వేడితో నీళ్లను ముందే కాచే రెండో డ్రమ్ము పెట్టారు. అనుకున్నంత బొగ్గు మిగల్లేదు సరికదా, పొగలోని గంధకపు ఆమ్లం లోహాన్ని తినేసింది. తర్వాత వాటిని మామూలు ఇంజన్లుగా మార్చేశారు.

అసలు దెబ్బ వేరే దిక్కు నుంచి వచ్చింది. మొదటి 9ఎఫ్ పట్టాలెక్కి ఏడాది నిండేసరికి, 1955 జనవరిలో, ఆవిరిని తీసేసి డీజిలూ విద్యుత్తూ తేవాలని 124 కోట్ల పౌన్ల ప్రణాళిక ప్రకటించారు. అయినా 9ఎఫ్‌ల తయారీ ఆగలేదు. 251లో ఎక్కువ భాగం ఆ ప్రకటన తర్వాత కట్టినవే!

డీజిలు పక్షాన న్యాయం లేకపోలేదు. ఆవిరి ఇంజను బొగ్గులోని వేడిలో పదోవంతు కూడా పనిగా మార్చలేదు. తెల్లవారుజామునే వచ్చి మంట రాజేయాలి, బూడిద తీయాలి. ఆ మసిపనికి మనుషులు దొరకడం కష్టమైంది. పైగా సరుకు క్రమంగా లారీలకెక్కింది. కాని తొందర కూడా ఎక్కువైంది. అదే స్విండన్‌లో 1964–65లో కట్టిన 56 చిన్న డీజిల్ ఇంజన్లను సైతం 1969 నాటికి రైల్వే వదిలించుకుంది. రిడిల్స్ మాట పూర్తిగా విన్నా, ప్రణాళికను పూర్తిగా నమ్మినా ఇంత డబ్బు పాడయ్యేది కాదేమో. రెండు పడవల మీద కాలు పెట్టినట్టయింది.

మన దేశంలో చిత్తరంజన్ కార్ఖానా తన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజనును 1970లో తయారుచేసింది. అదీ గూడ్సు బండ్ల ఇంజనే, డబ్ల్యూ.జి. తరగతిది. దాని పేరు ‘అంతిమ్ సితారా’, అంటే చివరి నక్షత్రం.

9ఎఫ్‌లలో తొమ్మిది మిగిలాయి. ఈవినింగ్ స్టార్ జాతీయ సేకరణలో చేరింది. మరొకదాన్ని ఏనుగుల బొమ్మలకు పేరుపడ్డ చిత్రకారుడు డేవిడ్ షెపర్డ్ 1967లో సొంతానికి కొని, ‘బ్లాక్ ప్రిన్స్’ అని పేరు పెట్టుకున్నాడు. 1980ల మొదట్లో సోమర్సెట్‌లోని ఒక రాళ్ల క్వారీలో దానికి రెండు వేల టన్నులకు పైబడిన బండి తగిలించి చూశారు. తోటి ఇంజన్లు పని మానేసి అప్పటికి పద్నాలుగేళ్లు దాటింది. బ్లాక్ ప్రిన్స్ ఆ బండిని కదిలించింది.