పాస్ ఫొటో నుంచి ఫ్లెక్సీ దాకా

రైల్వే పట్నం ఖరగ్‌పూర్‌లో మనుషుల ముఖాలు తీసి బతికిన స్టూడియోలకు ఇప్పుడు దుకాణాల ముఖాలే దిక్కు

రైల్వే శాఖ 2019లో 1,03,769 లెవెల్-1 పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. వచ్చిన వాటిలో దాదాపు 4.85 లక్షల దరఖాస్తులను ఫొటో లేదా సంతకం సరిగా లేదంటూ తోసిపుచ్చింది. చివరకు 2021 డిసెంబర్‌లో వాటిని మార్చుకునేందుకు మరో అవకాశం ఇచ్చింది. రుసుం కట్టి, పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాడు పరీక్ష హాలు దాకా పోకుండానే ఫొటో దగ్గర ఓడిపోవడం మామూలు దెబ్బ కాదు. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో మరీనూ. తాత వర్క్‌షాపులో ఫిట్టర్, తండ్రి గూడ్స్ గార్డు, కొడుకు ఆర్ఆర్‌బీ కోచింగ్‌లో. ఇలాంటి ఇళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఆ మూడు తరాలకూ ఉద్యోగం గుమ్మం ఎక్కే ముందు ఫొటో స్టూడియో గుమ్మం ఎక్కక తప్పలేదు.

తూర్పు కోస్తా రైలు మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కు దారి పడింది. వచ్చినవాళ్లు నిమ్‌పురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వాడల్లో కాపురాలు పెట్టారు, మాతా పూజలు మొదలుపెట్టారు, మనవలను ఎత్తుకున్నారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ముక్కున వేలేసుకున్నవాళ్లు ఈ ఊరు చూడనివాళ్లే అయివుంటారు.

ఇలాంటి ఊళ్లో స్టూడియోకు గిరాకీ పెళ్లిళ్ల సీజన్ మీద మాత్రమే ఆధారపడదు. పాస్‌కు ఫొటో, మెడికల్ కార్డుకు కుటుంబమంతా కలిసి ఫొటో, పింఛను కాగితాలకు భార్యాభర్తల జంట ఫొటో. ముప్పై ఏళ్ల కాపురంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తీయించుకున్న మొదటి ఫొటో ఆ పింఛను ఫొటోయే అయిన ఇళ్లు లేకపోలేదు. ఆడపిల్లకు సంబంధాలు చూడాలంటే నిలువెత్తు ఫొటో పలాసకో, బొబ్బిలికో పోస్టులో వెళ్లాలి. ఇక పెద్దాయన పోతే గోడకు తగిలించడానికి ఇంట్లో దొరికేది తరచుగా ఆ పాస్ ఫొటో ఒక్కటే. దాని మీది రబ్బరు స్టాంపు గీతలు చెరిపి, చొక్కాకు కోటు తొడిగి, పెద్దది చేసి ఫ్రేము కట్టడం స్టూడియోవాడి పనుల్లోకెల్లా ఓపిక కావాల్సిన పని. కళ్ల దగ్గర కాస్త తేడా వచ్చినా కొడుకు ఊరుకుంటాడేమో గానీ, భార్య ఊరుకోదు.

ఈ రాబడికి గండి కొట్టింది సెల్‌ఫోన్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. సర్కారే పెద్ద ఫొటోగ్రాఫరయింది. 2010లో మొదలైన ఆధార్ నమోదులో ఫొటో అక్కడికక్కడే తీస్తారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లోనూ అంతే. పెద్ద పేర్లకే దిక్కులేకుండా పోయింది. కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. కోల్‌కతాలో బ్రిటిష్ కాలం నుంచి నడిచిన బోర్న్ అండ్ షెపర్డ్ 1991 అగ్నిప్రమాదంలో కోలుకోలేని దెబ్బతిని 2016లో మూతపడింది. నాలుగు గోడలు, రెండు గొడుగు లైట్ల వీధి స్టూడియో ఎంత?

మిగిలిన దారి బ్రాండింగ్. మాట పెద్దదే గానీ అసలు పని చిన్నది: టిఫిన్ హోటల్‌కు మెనూ బొమ్మలు, చీరల దుకాణానికి ఫ్లెక్సీ, కోచింగ్ సెంటర్ మాస్టారుకు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో, ఐఐటీ కుర్రాళ్లకు డిసెంబర్ ప్లేస్‌మెంట్లకు ముందు టై కట్టుకున్న ఫొటో. (అన్నట్టు ఊరికి ఉన్న పెద్ద బ్రాండే చేజారింది. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్‌తో చాలాకాలం అనుభవించిన ప్రపంచ రికార్డును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాటేశాయి.)

చూడ్డానికి సులువుగా కనిపించే ఈ పనిలో మెలకువలు వేరు. దోసె పెనం మీద నుంచి దిగిన రెండు మూడు నిమిషాల్లోనే మెత్తబడిపోతుంది కాబట్టి లైటును పొయ్యి దగ్గరికే మోసుకెళ్లాలి. స్టీలు పళ్లెంలో ఫొటోగ్రాఫర్ ముఖమే కనబడుతుంది. దానికి తెల్ల థర్మోకోల్ అడ్డం పెట్టాలి. ఇంత కష్టపడి తీసిన బొమ్మను వాట్సాప్‌లో పంపితే సైజు కుదించుకుపోయి, పదడుగుల ఫ్లెక్సీ మీద దోసె గళ్ల లుంగీలా తేలుతుంది. పైగా యజమానితో తెలుగులో, వంటవాడితో ఒడియాలో, ఫ్లెక్సీ ప్రింటరుతో బెంగాలీలో, ఐఐటీ కుర్రాడితో హిందీలో మాట్లాడగలగాలి. ఖరగ్‌పూర్ తెలుగువాడికి అదొక్కటి మాత్రం పుట్టుకతో వచ్చిన పెట్టుబడి.

డబ్బు దగ్గరే చిక్కంతా. ఒకసారి తీసిన బొమ్మ మెనూలోకి, గోడ మీదికి, ఆహారం ఇంటికి చేర్చే యాప్‌లోకి, పక్క వీధిలో తెరిచిన రెండో శాఖ బోర్డు మీదికి ఎక్కుతుంది. ఫొటోగ్రాఫర్‌కు ముట్టేది మాత్రం మొదటిరోజు కూలే. చట్టమూ అతని పక్షాన లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17(బి) ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే తొలి హక్కుదారు. పెళ్లికూతురి ఫొటో విషయంలో ఇది న్యాయమైన నియమమే. వ్యాపార ఫొటో దగ్గరికి వచ్చేసరికి, ఒక్క కాగితం ముక్క రాసుకోని పాపానికి స్టూడియోవాడు ఏళ్ల తరబడి నష్టపోతాడు. కానీ రోజూ టీ తాగే హోటల్ యజమానిని ఒప్పందం మీద సంతకం పెట్టమని అడిగేదెలా? పరిచయం మీద నడిచే ఊళ్లో కాగితం అడిగితే అనుమానించినట్టే లెక్క. ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో బిల్లు వెనుకే అచ్చువేసి ఇచ్చి, డబ్బు తీసుకునే ముందు దాని మీద సంతకం చేయించుకోవడం కాస్త మర్యాదైన మార్గం.

ఈ హడావుడిలో పట్టించుకునేవాళ్లు లేనివి పాత నెగెటివ్‌లు. బెంగాల్ తేమకు ఫిల్ముకు బూజు పడుతుంది. ఎసిటేట్ ఫిల్ము చివికేకొద్దీ వెనిగర్ వాసన కొడుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది గనుక తూకానికి కొనేవాళ్లకు లోటుండదు. వాటిని స్కాన్ చేయించాలంటే ఖర్చుంది, చేయించినా వెతికి పట్టుకోవడం మరో కష్టం. పాత ఫొటో కోసం వచ్చేవాళ్లు తేదీ చెప్పలేరు. నాన్న రిటైరైన ఏడాదో, అక్క పెళ్లయిన నెలో చెబుతారు. కవరు మీద ఉండేది రసీదు నంబరు మాత్రమే.