వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పై లక్షల గింజలు

పాఠ్యపుస్తకంలో జీవకణం బొమ్మ చూడండి. అక్కడక్కడా నాలుగైదు ఆకారాలు, మిగతా అంతా లేత రంగు. ఆ రంగు చూసి లోపల బోలెడు ఖాళీ ఉందనుకుంటాం. నిజంగా ఎంత ఖాళీ ఉందో లెక్క వేసి చూద్దాం.

మన పేగుల్లో బతికే ఇ. కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని పొడవునూ వెడల్పునూ ఎత్తునూ పది లక్షల రెట్లు పెంచితే, మేడ మీద ఉండే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకంత అవుతుంది. అదే కొలతలో ఒక సాధారణ ప్రోటీన్ పెసరగింజంత, సుమారు 5 మిల్లీమీటర్లు. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ 2 సెంటీమీటర్లు. డీఎన్ఏ కిలోమీటరున్నర పొడవున్న దారం. అంతా ఆ ట్యాంకులోనే మడతలు పడి ఉంటుంది. నీటి అణువు సన్నరవ్వ పలుకు.

ఇక లెక్క. కణంలో ప్రోటీన్లు సుమారు 30 లక్షలు. అన్ని గింజలూ కలిసి ట్యాంకులో అయిదో వంతు ఆక్రమిస్తాయి. నాలుగు వంతులు మిగిలాయి కదా అంటారా? గింజలన్నిటినీ సమాన దూరంలో సర్దితే పక్కపక్క గింజల మధ్య మిగిలేది 2 మిల్లీమీటర్లే. ఖాళీ ఉంది, కానీ ఇంకో గింజ పట్టే ఖాళీ కాదు. పైగా వేల రైబోజోములకూ ఆ దారానికీ ఇందులోనే చోటు కావాలి.

కణం బరువులో 70 శాతం నీరేనన్నదీ నిజమే. ఆ నీరు ఉన్నది ఈ సందుల్లోనే. రెండు గింజల నడుమ ఆరేడు రవ్వ పలుకులు వరసగా పడతాయి, అంతే.

ఇంత ఇరుకులో ఏదైనా కదలగలదా? కదులుతుంది, క్షణం ఆగకుండా. వెచ్చదనం వల్ల అణువులన్నీ ఒకదాన్నొకటి ఢీకొంటూ ఎటుపడితే అటు జరుగుతుంటాయి. దీన్నే విసరణం అంటారు. ఆకుపచ్చగా మెరిసే ఒక ప్రోటీన్‌ను ఇ. కోలైలో పెట్టి కొలిచిన ఫలితాలు 1999లో వచ్చాయి. నీటిలో కంటే కణంలో అది పది రెట్లకు పైగా నెమ్మదిగా కదిలింది. అయినా ఒక మైక్రాన్ దాటడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

ఈ కిక్కిరింపు వల్ల మేలూ ఉంది, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే. చోటు తక్కువైనప్పుడు విడివిడిగా ఉండటం కన్నా అతుక్కుని ఉండటమే అణువులకు సులువు. అందుకే ప్రయోగశాలల్లో డీఎన్ఏ ముక్కలను అతికించేటప్పుడు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం కలుపుతారు. పలుచని ద్రావణంలో కృత్రిమంగా ఇరుకు పుట్టించడమే దాని పని.

మరి పెద్ద కణాల సంగతేమిటి? విసరణంలో దూరం పది రెట్లయితే సమయం వంద రెట్లవుతుంది. నడుము నుంచి పాదం దాకా వెళ్లే నరకణం పోగు దాదాపు మీటరుంటుంది. విసరణాన్నే నమ్ముకుంటే ఒక ప్రోటీన్ ఆ చివరకు చేరడానికి వందల ఏళ్లు కావాలి. అందుకే అక్కడ కైనెసిన్ అనే మోటారు ప్రోటీన్లు సన్నని గొట్టాల వెంబడి సరుకు మోస్తాయి. వేగంగా చేరవలసిన సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు సాగి, రెండున్నర నుంచి అయిదు రోజుల్లో పాదం చేరుతుంది.