టక్... టక్... ఎందుకీ చప్పుడు?

తలకు పెట్టుకునే వస్తువు ఏదైనా దాని ప్రాణం పట్టీలోనే ఉంటుంది. అది జారకూడదు, నొక్కకూడదు, చప్పుడు చేయకూడదు. వినడానికి చిన్న సంగతే. ఇంజినీర్లకు మాత్రం అక్షరాలా తలనొప్పే!

నైట్ షిఫ్టు ముగించుకుని నాన్న అర్ధరాత్రి ఇంటికొచ్చారు. పిల్లలు లేస్తారేమోనని మునివేళ్ల మీద నడిచారు. గడియ మెల్లగా వేశారు. పడుకునే ముందు, నిద్రలో ఊపిరి ఆగిపోకుండా చూసే సీప్యాప్ మాస్కు తీసుకుని దాని పట్టీ లాగారు... చర్ర్ర్! అమ్మ ఉలిక్కిపడి లేచింది. అంతవరకూ పడ్డ జాగ్రత్తంతా వృథా.

హెల్మెట్, హెడ్‌ఫోన్, డాక్టర్లు ఆపరేషన్లో పెట్టుకునే హెడ్‌ల్యాంపు, పిల్లలు ముచ్చటపడే వీఆర్ కళ్లద్దాలు... వీటన్నింటికీ బిగించే పట్టీ ఉండాల్సిందే. పైగా దాని చప్పుడు పక్కవారికన్నా పెట్టుకున్నవారికే పెద్దగా వినిపిస్తుంది. కారణం సులువే. శబ్దం మన చెవిలోకి గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. మన గొంతు రికార్డులో వింటే వేరేలా ఉండేది అందుకే. తలకు ఆనుకుని ఉన్న మర 'టక్' అంటే, ఆ అదురు నేరుగా ఎముకలోకి వెళ్తుంది మరి!

చప్పుడు పుట్టేదెక్కడ?

ఫ్యాక్టరీల్లో పెట్టుకునే సేఫ్టీ హెల్మెట్ వెనక ఓ గుండ్రటి మీట ఉంటుంది. తిప్పితే లోపలి పళ్లచక్రం రెండు వైపుల నుంచీ వచ్చే పట్టీలను దగ్గరకు లాగుతుంది. పట్టీ వెనక్కి జారకుండా ఓ చిన్న కొక్కెం కాపలా కాస్తుంది. అది ఒక్కో పన్ను ఎక్కి, పక్క గాడిలోకి దబ్బున పడుతుంది. గోడగడియారానికి కీ ఇస్తుంటే వినిపించే 'కిర్రు కిర్రు' కూడా ఇదే.

మరి దీని నోరు మూయించేదెలా? పళ్లను చిన్నవిగా చేయడం ఒక దారి. కొక్కెం పడే లోతు తగ్గితే శబ్దమూ తగ్గుతుంది. అయితే పళ్లు మరీ చిన్నవైతే త్వరగా అరిగి, పట్టు తప్పుతాయి. నూనె అవసరం లేకుండానే నున్నగా జారే అసిటాల్ ప్లాస్టిక్ వాడటం ఇంకో దారి. మూడోది చిక్కటి గ్రీజు. కెమెరా లెన్సు తిప్పుతుంటే వెన్నలో తిరిగినట్టు ఉంటుందే... ఆ మహిమ దానిదే.

అసలు కొక్కెమే లేకపోతే? గిటార్ తీగలు బిగించే మీటల్లో మరచుట్టు గేరు ఉంటుంది. మీట తిప్పితే తీగ బిగుస్తుంది. తీగ ఎంత లాగినా మీట తిరగదు. చప్పుడు లేకుండా పట్టు దొరికినట్టే! కాకపోతే చాలాసార్లు తిప్పాలి. తొందరలో ఉన్నవారికి అంత ఓపికేదీ? ఇక వీణ బిరడాలది మరో పద్ధతి. రాపిడితోనే నిలబడతాయి. చప్పుడుండదు కానీ, కుదుపులకు జారే భయం ఉంటుంది.

అతికేది... అంటుకునేది

ఆ అర్ధరాత్రి 'చర్ర్'మన్నది వెల్క్రో. స్విట్జర్లాండ్‌కి చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో వేట నుంచి తిరిగొస్తే, బట్టలకూ కుక్క బొచ్చుకూ ముళ్లకాయలు పట్టుకుని ఉన్నాయి. మన పొలాల్లో ఉత్తరేణి గింజలు అంటుకున్నట్టన్నమాట! వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, చిన్న కొక్కేలను చూసి, అదే సూత్రంతో వెల్క్రో తయారుచేశాడు. 1955లో పేటెంటు అందుకున్నాడు. లాగినప్పుడు వందలాది కొక్కేలు ఒకదాని వెంట ఒకటి ఊడతాయి. ఆ మోతే 'చర్ర్'.

దీనికి విరుగుడుగా మాస్కులకు అయస్కాంతం క్లిప్పులు వచ్చాయి. దగ్గరకు తెస్తే చాలు, మెత్తగా అతుక్కుంటాయి. అయితే ఇక్కడే ప్రాణాల మీదకు వచ్చే సంగతి ఒకటుంది. పేస్‌మేకర్ లాంటి పరికరాలు శరీరంలో అమర్చుకున్నవారికి ఈ అయస్కాంతాలు ప్రమాదం కావచ్చని 2022, 2023ల్లో మాస్కు తయారీదారులే హెచ్చరించారు. ఇంట్లో అలాంటివారుంటే, మాస్కు వాడేది పక్కన పడుకునేవారైనా సరే, ముందుగా డాక్టర్ని అడగాలి.

2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో బరువు 600 గ్రాములకు పైమాటే. అంత బరువును మోసేందుకు సాగే అల్లిక పట్టీ, బిగించేందుకు పక్కన చిన్న మీట పెట్టారు. సాగే గుణం ఉన్న పట్టీ బరువును తల వెనక అంతటా పంచుతుంది. ఒకేచోట నొక్కదు.

ఆ 'టక్' మాత్రం ఉండాలి!

ఇంతకీ అన్ని చప్పుళ్లూ చెడ్డవేనా? కాదు. బైకు హెల్మెట్ బకిల్ 'టక్' అంటేనే పట్టీ పడినట్టు మనకు నమ్మకం. పట్టీ పెట్టని హెల్మెట్ ప్రమాదంలో తలకన్నా ముందే ఎగిరిపోతుంది. అందుకే మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమని చెప్పి ఊరుకోలేదు, పట్టీతో గట్టిగా బిగించుకోమని కూడా చెప్పింది. మంచి డిజైనరు పని ఇదే... అక్కర్లేని చప్పుడు తీసేయడం, కావాల్సిన చప్పుడు ఉంచడం.

మనవంతుగా కొన్ని జాగ్రత్తలు. తలకు పెట్టుకునే ముందే మీటను పూర్తిగా వదులు చేయాలి. వెల్క్రోలో చిక్కిన వెంట్రుకలు, దారాలు పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి. బిగుసుకుపోయిందని కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి మరింత మొరాయిస్తుంది. హెల్మెట్ పట్టీకీ గడ్డానికీ మధ్య ఒకటి రెండు వేళ్లు పట్టేంత చోటు చాలు.

రేపు ఉదయం బండి తీసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. చెవి కింద ఆ 'టక్' వినిపించిందా? అయితే... ఇక కిక్ కొట్టొచ్చు!