తెగినా అతుక్కుంటుందట!
సోలాపూర్ మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గం నడిపాను. పోగు తెగితే మగ్గం ఆపి ముడెయ్యాలి. ముడి తప్పితే గుడ్డలో మచ్చ, పగార్లో కోత. అందుకే మనవరాలు చదివి చెప్పిన సంగతికి ఆశ్చర్యపోయాను.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెనాన్ బావో అనే ఆమె బృందం 2012లో ఒక మెత్తని ప్లాస్టిక్‌లో నికెల్ రేణువులు కలిపి, కరెంటు పారేలా చేసింది. కోసి, ముక్కలు రెండూ కలిపి నొక్కితే 15 సెకన్లలో కరెంటు పారే గుణం 90 శాతం దాకా తిరిగొచ్చింది. పది నిమిషాల్లో బలమూ వచ్చింది. దాని అణువుల మధ్య బంధాలు తేలిగ్గా విడిపోతాయి, తేలిగ్గా కలుస్తాయి. ఒంటికి అంటించుకుని నాడి చూసే పట్టీలకు ఇలాంటివే కావాలట. మోచెయ్యి వంగినప్పుడల్లా మామూలు తీగ నలిగి తెగుతుంది గదా!

నా వేళ్లు తిమ్మిరెక్కి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేవు. అయినా ఒక మాట. ఆ ప్లాస్టిక్‌కైనా తెగిన కొసలు దగ్గరికి చేర్చే చెయ్యి ఉండాలి.