సోడియం పంపులో బీటా-2 ఉపప్రమాణం

సోడియం పంపు ఒక ఏటీపీ అణువును వినియోగించి 3 సోడియం అయాన్లను కణం వెలుపలికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి చేరవేస్తుందని మీకు తెలుసు. ఈ పని చేసేది ఆల్ఫా ఉపప్రమాణం. దానిని కణత్వచానికి చేర్చి నిలిపేది బీటా ఉపప్రమాణం.

మెదడులోని గ్లియల్ కణాలలో బీటా-2 రకం ఉంటుంది. ఇది నాడీకణాలు గ్లియల్ కణాలకు అంటుకోవడానికి కూడా తోడ్పడుతుంది. అనుమస్తిష్కం ఏర్పడేటప్పుడు నాడీకణాలు గ్లియల్ తంతువుల వెంబడి తమ స్థానాలకు చేరతాయి. ప్రయోగశాలలో ప్రతిదేహాలతో బీటా-2ను అడ్డగిస్తే ఈ ప్రయాణం కుంటుపడింది.

మరి రెండు పనులలో ప్రాణానికి ఏది ముఖ్యం? బీటా-2 లేని ఎలుకలు పుట్టిన మూడు వారాలలోపే చనిపోయాయి. దాని స్థానంలో బీటా-1ను ఉంచితే బతికాయి. కాబట్టి ప్రాణం నిలిపింది ముఖ్యంగా పంపు పనేనని భావించవచ్చు.

ప్రశ్న: బీటా-2 చేసే రెండు పనులేవి?