ఆయిలు ఇంజనులో కంప్రెషను తగ్గినచో

వరి పొట్టమీద ఉన్నపుడు బావి వద్ద ఆయిలు ఇంజను స్టార్టు కాకున్నచో పంటకు నష్టము కలుగును. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలి గట్టిగా నొక్కబడి వేడెక్కుటవలననే డీజిలు మండును. ఈ నొక్కుడునే కంప్రెషను అందురు.

డీజిలు ఆపి, డికంప్రెషను లివరు వదలిపెట్టి, హ్యాండిలును నెమ్మదిగా త్రిప్పుడు. బిగువు లేకున్నచో గాలి ఎచటనో పోవుచున్నదన్నమాట. ఆ చప్పుడు పొగగొట్టములో వినిపించినచో ఎగ్జాస్టు వాల్వు, ఎయిర్ క్లీనరులో వినిపించినచో ఇన్‌లెట్ వాల్వు, ఇంజను ఆయిలు పోయు రంధ్రము వద్ద వినిపించినచో పిస్టను రింగులు కారణము.

మొదట టాపెటు సందు సరిచూడుడు. గుణము కనిపించనిచో వాల్వులను పేస్టుతో నూరించవలెను. రింగులు మార్చునపుడు లైనరు అరుగుదలను కొలిపించవలెను. అరిగిన లైనరులో కొత్త రింగులు వేసినను ప్రయోజనముండదు. అరుగుదలకు ముఖ్యకారణము దుమ్ము. కావున ఎయిర్ క్లీనరును తరచు శుభ్రపరచుడు.